కార్యాలయ ముచ్చట్లు: బీరువా మీది కార్ట్రిడ్జి

అది ఒక నెలాఖరు సాయంత్రం. మా విభాగంలో చిరకాలం పనిచేసిన ఒక ఖలాసీ ఆనాడు పదవీ విరమణ చేశాడు. సన్మానం ముగిసిన పిదప మెడలో పూలదండతోనే వచ్చి వరండాలోని బల్లమీద కూర్చున్నాడు. ఆయనకు అందవలసిన తుది లెక్కల కాగితాలు సిద్ధమైనాయి; అచ్చు తీసి సంతకం చేయడమే తరువాయి. సరిగ్గా అప్పుడే లేజర్ ప్రింటర్‌లో టోనర్ అయిపోయింది.

బీరువా మీద మూడు కార్ట్రిడ్జిలు ఉన్నాయన్న ధీమాతో ఉన్నాము. మొదటిదాని సంచి ఎవరో ఎప్పుడో విప్పి, పడమటి కిటికీ ఎండకు వదిలేశారు; పుటనిండా మచ్చలు, చారలు. రెండవది నెలల తరబడి నిలువుగా నిలబెట్టినది; అచ్చు ఒక పక్క ముదురుగా, మరొక పక్క వెలిసినట్లుగా వచ్చింది. మూడవది ఏనాడో తీసివేసిన పాత ప్రింటర్‌ది. చీకటి పడింది. "పర్లేదు బాబూ, రేపొస్తాను" అని ఆయన లేచి వెళ్ళాడు. మరునాడు గేటు దగ్గర సందర్శకుల పుస్తకంలో పేరు రాసి లోపలికి రావలసివచ్చింది. ఆ పేరు చూసి నేను సిగ్గుపడ్డాను. ఆ కార్ట్రిడ్జిలను బీరువా ఎక్కించినది నేనే.

కారణం తెలిస్తే జాగ్రత్త భారమనిపించదు. టోనర్ సిరా కాదు. రంగు కలిపిన అతి సన్నని ప్లాస్టిక్ పొడి. 1938లో అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ తొలి నకలు తీసిననాటి సూత్రమే నేటికీ ఉన్నది: స్థిర విద్యుత్తుతో పొడిని ఆకర్షించడం, వేడితో కాగితానికి అతికించడం. కనుక నిలువలో వేడి తగిలినా, తేమ చేరినా పొడి ఉండకడుతుంది. పైగా అనేక కార్ట్రిడ్జిలలో కాంతికి స్పందించే డ్రమ్ము కూడా ఉంటుంది. ఎండ దానికి శత్రువు.

అందుచేత వాడే రోజు వరకు సంచి విప్పరాదు. పెట్టెను బాణపు గుర్తు ప్రకారం, లేజర్ కార్ట్రిడ్జిని అడ్డంగా, మూసి ఉన్న అరలో ఉంచాలి. కిటికీ పక్క, నేలమీద, బీరువా నెత్తిన తగదు. చల్లని గది నుంచి ఉక్కగా ఉన్న గదికి తెచ్చినప్పుడు, చెమ్మ పట్టకుండా కొన్ని గంటలు ఆగి విప్పాలి. బిగించేముందు అడ్డంగా పట్టుకొని అయిదారుసార్లు మెల్లగా కదపాలి. ఇంక్‌జెట్ కార్ట్రిడ్జి ముందే విప్పితే సన్నని రంధ్రాలలో సిరా ఎండిపోతుంది. పెట్టెపై వచ్చిన తేదీ, ప్రింటర్ మోడల్ పెద్ద అక్షరాలతో రాసి, ముందు వచ్చినదానిని ముందు వాడాలి.

పొడి బట్టలపై ఒలికితే దులిపి చన్నీటితో కడగండి; వేడినీరు దానిని మరింత అంటిస్తుంది. మామూలు వాక్యూమ్ క్లీనర్ వాడవద్దు. పొడి గాలిలోకి లేస్తుంది. ఖాళీ కార్ట్రిడ్జిలను చెత్తబుట్టలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాలు ప్రింటర్లతోపాటు వాటికీ వర్తిస్తాయి.

ఇప్పుడు మా విభాగంలో ప్రతి నెల 20వ తేదీన ఆ అర తెరిచి, మోడళ్ళు, తేదీలు సరిచూస్తాము. పది నిమిషాల పని. నెలాఖరున వరండాలో కూర్చునే మనిషి కాగితం చేతబట్టుకొని ఇంటికి వెళ్ళాలంటే ఆ పది నిమిషాలు వెచ్చించక తప్పదు. రేపు ఆ బల్లమీద కూర్చునేది మనమే కదా!