కవాసాకి జబ్బు: పారేయకూడని స్కానింగ్ కాగితం

కవాసాకి జబ్బు ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లల రక్తనాళాలకు వచ్చే వాపు. జపాన్ పిల్లల వైద్యుడు తోమిసాకు కవాసాకి మొదటి రోగిని 1961లో చూసి, 1967లో 50 మంది పిల్లల వివరాలు ప్రచురించాడు. ఐదు రోజులైనా దిగని జ్వరం, పుసి లేకుండా ఎర్రబడ్డ కళ్లు, పగిలిన పెదవులు, దద్దు, కాళ్లూ చేతుల వాపు, మెడలో బిళ్ల దీని గుర్తులు. తట్టు అనుకుని వదిలేసినా జ్వరం కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. మోసమంతా అక్కడే ఉంది.

జ్వరం దిగి, గుండె స్కానింగ్ (ఎకో) బాగుంటే జబ్బు తీరిపోయినట్టేనన్నది అమలాపురం నుంచి రాజోలు దాకా ఇళ్లల్లో సాధారణంగా ఉండే నమ్మకం. దానికి ఆధారం లేకపోలేదు. వైద్యం అందకపోతే నలుగురిలో ఒకరికి గుండె ధమనులు బుడగలా ఉబ్బుతాయి. పది రోజుల్లోపు కిలో బరువుకు 2 గ్రాముల ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తే ఆ ముప్పు ఇరవైలో ఒకరి దాకా తగ్గుతుంది. ఉబ్బినవాటిలో సగానికి పైగా ఒకటి రెండేళ్లలో మామూలు వెడల్పుకు వస్తాయి.

కానీ వెడల్పు తగ్గిందంటే గోడ బాగుపడిందని కాదు. చిరిగిన సాగే పొర తిరిగి రాదు. లోపలి పొర కణాలు పెరిగి ఖాళీని పూడుస్తాయి, అంతే. అలాంటి నాళం పరుగులో అవసరమైనంత విప్పారదు, ఏళ్లు గడిచాక సున్నం పేరుకుని సన్నబడొచ్చు. ఎకో కొలిచేది లోపలి వెడల్పునే. శాన్ డియాగోలో గుండెకు రక్తం చాలడం లేదన్న అనుమానంతో యాంజియోగ్రామ్ చేయించుకున్న 40 ఏళ్లలోపు వారిలో సుమారు 5 శాతం మందికి కవాసాకి నాటివని భావించదగ్గ ఉబ్బులు కనిపించాయి. ఇరవై అయిదేళ్ల కుర్రాడి ఛాతీనొప్పిని గ్యాస్ అని తేల్చేసే చోట ఈ లెక్క గుర్తుండాలి.

దీనికి ఎదురు పొరపాటూ ఉంది. ధమని ఎన్నడూ ఉబ్బని పిల్లవాణ్ని జన్మంతా రోగిగా చూడటం, ఆటలు మాన్పించడం అనవసరం. అలాంటి పిల్లల గుండె ముప్పు ఇతరులకన్నా పెద్దగా ఎక్కువని తేలలేదు. తేడా చెప్పేది ఇవాళ్టి ఎకో కాదు, జబ్బు నాటి అత్యధిక వెడల్పు. ఒంటి పరిమాణాన్ని బట్టి లెక్కించే జెడ్ స్కోరు అప్పుడు 2.5 దాటితే చిన్న ఉబ్బు, 5 దాటితే మధ్యస్థం, 10 దాటితే లేదా వెడల్పు 8 మిల్లీమీటర్లకు చేరితే భారీది. భారీ ఉబ్బుకు ఆస్పిరిన్‌తోపాటు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందూ, జీవితాంతం పరీక్షలూ కావాలి.

కోనసీమలో ఆ అత్యధిక వెడల్పు అంకె పోవడం తేలిక. తల్లి కువైట్‌లో, పిల్లవాడు అమ్మమ్మ దగ్గర, ఎకో కాకినాడలో తీసిన ఇంట్లో కాగితాలు ఒకచోట ఉండవు. పెద్దయ్యాక గల్ఫ్ వీసా కోసం తీసే ఛాతీ ఎక్స్‌రే చిన్నప్పటి వెడల్పును చెప్పదు. అందుకే డిశ్చార్జి కాగితంలో జబ్బు పేరుతోపాటు ప్రతి ధమని అత్యధిక వెడల్పు, జెడ్ స్కోరు, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించిన తేదీ రాయించుకోవాలి. ఎంఎంఆర్ టీకాను 11 నెలలు ఆపాల్సింది కూడా ఆ తేదీ నుంచే.