ఆశీలు కట్టే అవ్వ, బకాయి పడ్డ భవనం

మా ఊరి కూరగాయల మార్కెట్లో తెల్లవారకముందే గోనెపట్టా పరుచుకుని తోటకూర, గోంగూర కట్టలు అమ్ముకునే అవ్వ ఒకామె ఉంది. బోణీ అయినా కాకపోయినా ఆరింటికల్లా ఆశీలు కుర్రాడు వచ్చి చీటీ చింపి చేతిలో పెడతాడు. ఆమె కొంగుముడి విప్పి డబ్బిస్తుంది. ఆ మార్కెట్లో ఆశీలు బాకీ పెట్టినవాళ్లని నేనింతవరకు చూడలేదు. పెట్టనివ్వరు కూడా. అదే వీధి చివర మూడంతస్తుల కల్యాణ మండపం ఉంది. దాని ఆస్తి పన్ను ఏళ్ల తరబడి బకాయి ఉందని ఊళ్లో అందరికీ తెలుసు. అక్కడికి మాత్రం చీటీ పట్టుకుని తెల్లవారుజామున ఎవరూ వెళ్లరు.

చిన్న మున్సిపాలిటీలకు చేతిలో డబ్బు ఆడని రోజులివి. బిల్లులు ఎప్పటికొస్తాయో తెలియక కాంట్రాక్టర్లు టెండర్లు వేయడానికే వెనకాడుతున్నారు. ఇలాంటప్పుడు కమిషనర్ మీదా, పాలకవర్గం మీదా ఒత్తిడి పెరిగి రెండే మాటలు వినిపిస్తాయి: ఖర్చు తగ్గించండి, పన్ను పెంచండి. ఈ రెండింటికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఊరికి చెప్పి, పెద్ద బాకీ నుంచి మొదలుపెట్టి వసూలు చేయాలి. అది చేయకుండా పన్ను పెంచే నైతిక హక్కు ఏ కౌన్సిల్‌కీ లేదు.

పన్ను విషయంలో ఊరిని అడక్కుండా నిర్ణయిస్తే ఏమవుతుందో మనకు చీరాల ఎప్పుడో చూపించింది. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేసింది. అప్పటిదాకా ఏడాదికి నాలుగు వేల రూపాయలున్న పన్ను భారం నలభై వేలకు చేరే పరిస్థితి వచ్చింది. ఆ ఊళ్లలో ఎక్కువమంది నేతగాళ్లు, కూలీలు. మున్సిపాలిటీ మాకొద్దన్నారు, పన్ను కట్టబోమన్నారు, జైళ్లకు వెళ్లారు. చివరికి 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరు ఖాళీ చేసి, పొలిమేర బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఆ జనం పిసినారులు కారు. ఆ ఎండలో, వానలో పాకల్లో పడ్డ కష్టం పన్ను డబ్బుకంటే చాలా ఎక్కువ. తమను అడగలేదన్నదే వాళ్ల బాధ.

వందేళ్లు దాటాయి. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చి, 12వ షెడ్యూలులో పద్దెనిమిది పనులను పట్టణాల కోసం రాసిపెట్టింది. పనులైతే రాశారు, డబ్బు మాత్రం పై ప్రభుత్వాల చేతిలోనే ఉండిపోయింది. వృత్తి పన్ను గరిష్ఠంగా ఏడాదికి 2,500 రూపాయలని 1988లో పెట్టిన పరిమితి అలాగే ఉంది. జీఎస్టీ వచ్చాక 2017లో ప్రకటనల పన్ను పోయింది. దేశంలోని మున్సిపాలిటీల రాబడి మొత్తం కలిపినా స్థూల దేశీయోత్పత్తిలో ఒక్క శాతం దగ్గరే ఆగిపోయిందని రిజర్వ్ బ్యాంకు 2022 నివేదికలో లెక్క కట్టింది. బ్రెజిల్‌లో అది ఏడు శాతం పైనే.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేయడం మొదలైంది. పెంపు ఏడాదికి పదిహేను శాతం దాటకూడదన్నారు. ఆ మార్పు ఏ పట్టణ కౌన్సిలూ కోరి తెచ్చుకున్నది కాదు. కరోనా ఏడాదిలో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే పట్టణ పన్నుల్లో సంస్కరణలు చేయాలని కేంద్రం పెట్టిన షరతు అది. అప్పు అవసరం రాష్ట్రానిది, పెరిగిన నోటీసు వచ్చింది మన గుమ్మంలోకి. 2021లోనే చెత్త పన్ను వచ్చింది, 2024లో రద్దయింది. పూరింటి నుంచి కూడా వసూలు చేసిన ఆ పన్ను పోవడం న్యాయమే. కానీ చెత్త బండి డీజిలుకు, డ్రైవరు జీతానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలో కూడా అప్పుడే చెప్పి ఉండాల్సింది.

ఇక వసూళ్ల సంగతి. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్ను మొత్తం కట్టినవాళ్లకు ఐదు శాతం రాయితీ ఇస్తారు. కట్టనివాళ్లకు నెలకు రెండు శాతం వడ్డీ పడుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. తీరా బకాయిలు గుట్టలుగా పేరుకున్నాక ప్రభుత్వం వడ్డీ మాఫీ ప్రకటిస్తుంది. 2020లో తెలంగాణ వడ్డీలో తొంభై శాతం వదిలేసింది. పెన్షన్ డబ్బులోంచి ఏప్రిల్‌లోనే కట్టేసిన రిటైర్డ్ మాస్టారికి దక్కింది ఐదు శాతం, ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవాడికి దక్కింది తొంభై. దీనికంటే పెద్ద అన్యాయం పన్నుల విషయంలో నాకు కనిపించదు. కష్టంలో ఉన్న కుటుంబానికి వాయిదాలు ఇవ్వండి. కల్యాణ మండపానికి, ప్రైవేటు కాలేజీకి, షాపింగ్ కాంప్లెక్సుకు మాఫీ ఎందుకు? మున్సిపల్ దుకాణాన్ని పాత అద్దెకు పట్టి, వేరొకరికి ఎన్నో రెట్లకు తిప్పి ఇచ్చుకుంటున్నవారి సంగతి ఏ వార్డులో అడిగినా చెబుతారు. ప్రభుత్వ కార్యాలయాల భవనాలూ బకాయిల జాబితాలో ఉంటాయి. రైల్వే వంటి కేంద్ర ఆస్తులకు పన్ను లేకపోయినా, అందే సేవలను బట్టి సర్వీసు ఛార్జీలు చెల్లించాలి. వాటిని అడిగే ధైర్యం చిన్న ఊరి కమిషనర్‌కు కలగాలంటే వెనక ఊరు నిలబడాలి.

కోత తప్పనప్పుడు చీపురు దగ్గర మాత్రం మొదలుపెట్టకూడదు. 2023 డిసెంబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ పారిశుధ్య కార్మికులు సమ్మెకు దిగితే వారం తిరక్కుండానే ఏ ఊరు ఎలా ఉందో చూశాం. జీతం ఆలస్యమైతే అధికారి ఎలాగో నెట్టుకొస్తాడు, కార్మికురాలి ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. మరమ్మతులు వాయిదా వేయడం కూడా పొదుపు కాదు. పైపు కారుతుంటే అదే నీటికి మోటారు ఎక్కువసేపు తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, నిరుడు మిగిల్చామనుకున్నది ఈ ఏడాది పోతుంది. నిజమైన పొదుపు ఎలా ఉంటుందో సూర్యాపేట చూపించింది. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలోనే తడి చెత్తను, పొడి చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయించి, తడి చెత్తతో ఎరువు చేసి, పొడి చెత్త అమ్మింది. కొత్త నిధుల కోసం ఎదురుచూడలేదు. వీధి వీధికీ తిరిగి జనాన్ని ఒప్పించడమే అక్కడి పెట్టుబడి.

కేంద్రం నుంచి వచ్చే డబ్బుకూ షరతులున్నాయి. చిన్న పట్టణాలకు 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో అరవై శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలన్నారు. లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాలన్నారు. ఇది మంచి షరతే. కానీ ఆ లెక్కల పట్టికను కూరగాయల మార్కెట్లో ఎంతమంది చూశారు? అవ్వ కట్టిన ఆశీలు ఎక్కడికి వెళ్లిందో ఆమెకు తెలియాలంటే కాగితం ఆమె రోజూ నడిచే గోడ మీద ఉండాలి, అక్కడున్న ఎవరో ఒకరు చదివి చెప్పాలి.

అందుకే పాఠకులకు నా విన్నపం. సమాచార హక్కు చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం బడ్జెట్టు, ఖర్చుల వివరాలు ఎవరూ అడక్కుండానే మున్సిపాలిటీ బయటపెట్టాలి. ఈ వారం మీ మున్సిపల్ ఆఫీసుకు వెళ్లండి. రెండు కాగితాలు అడగండి: అందరికంటే పెద్ద బాకీలున్న వంద ఆస్తుల జాబితా, నిరుటి ఆడిట్ నివేదిక. వెళ్లేముందు మీ ఇంటి పన్ను రసీదు జేబులో పెట్టుకోండి.