తాడు ఎవరి చేతిలో ఉంది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రాక్ క్లైంబింగ్ అనే మాట నేను డిగ్రీలో చేరాకే విన్నా. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఫోన్‌లో ఆ వీడియో మా మామకు చూపించా. "ఇంత సామాను కట్టుకుని ఎక్కుతున్నారు, పైన తేనె ఉందా?" అని అడిగిండు. లేదంటే నవ్విండు. మా మామ నల్లమల కొండచరియల్లో తాడు మీద వేలాడుతూ తేనె తీసినోడు.

ఒక్కసారి ఆలోచించండి. పట్నం నుంచి వచ్చినోళ్లు బండ ఎక్కితే సాహసం. అదే బండ మీద చెంచు దిగితే పొట్టకూటి తిప్పలు. బండ ఒకటే, పేరు మాత్రం వేరు!

చరియ అంచున తాడు కట్టి, పొగ పెట్టి ఈగల్ని లేపి, కింద లోయ నోరు తెరుచుకుని ఉంటే గాల్లో ఊగుతూ తేనెపట్టు కోయాలి. పైన తాడు దగ్గర బావమరిదిని కాపలా పెట్టడం చెంచుల ఆచారం. ఎందుకో తెలుసా? తాడు జారితే ఒంటరిదయ్యేది ఆయన తోడబుట్టిందే. క్లైంబింగ్ స్కూళ్లలో తాడు పట్టే మనిషిని నమ్మడమే మొదటి పాఠం. మనవాళ్లు ఆ నమ్మకాన్ని చుట్టరికంతో ముడేసిండ్రు.

పట్టు మొత్తం కోయొద్దు, ఈగలకు కొంత వదలాలి అంటాడు మామ. కొండను ప్రేమించడమంటే నాకు తెలిసింది అదే.

మరి పడిపోయినోళ్ల సంగతి? మా పక్క పెంటలో ఒకాయన తేనెకు దిగి జారిపడ్డడు. నడుము విరిగింది, మళ్లీ లేవలే. పేపర్లో వార్త రాలేదు, బీమా లేదు. తేనెకు కిలో ఇంత అని ధర కడతారు. దిగిన మనిషికి లెక్క లేదు.

ఇది మన దగ్గరే కాదు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు నేపాల్ వైపు దారిలో మంచుపెళ్లలు విరిగిపడి 16 మంది చనిపోయిండ్రు. అందరూ నేపాలీ కార్మికులే, ఎక్కువమంది షెర్పాలు. వేరేవాళ్లు శిఖరం ఎక్కడానికి సామాన్లు మోస్తూ, దారి వేస్తూ పోయిన ప్రాణాలవి. ఒక్కో కుటుంబానికి ప్రభుత్వం మొదట ప్రకటించింది 40 వేల నేపాలీ రూపాయలు. షెర్పాలు ఊరుకోలే. ఈ ఏడు ఎక్కం అన్నరు. ఆ వైపు ఆ సీజనే ఆగిపోయింది.

అదే ఏడాది మే 25న టిబెట్ వైపు నుంచి మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల, కూలి చేసుకునే తల్లిదండ్రులు. అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలే. మొదట నేర్చుకుంది ఎక్కడో కాదు, మన భువనగిరి బండ మీదే. ఆ పిల్లకు శిక్షణ దొరికింది, మంచి తాడు దొరికింది, పేరు దక్కింది. మన దగ్గర తక్కువైంది ధైర్యం కాదని తేలిపోయింది కదా!

"చదువుకున్న పిల్లల్ని మళ్లీ కొండలెక్కమంటావా?" అని కొందరు అడుగుతరు. అందరినీ ఎక్కమనడం లేదు. కానీ ట్రెక్కింగులు, క్యాంపులు మన కొండలకు వస్తున్నాయి. మనం మూటలు మోసి, వంట చేసి పెట్టేవాళ్లంగా మిగులుదామా? దారి చూపే గైడ్లం, నేర్పే గురువులం అవుదామా? తేల్చుకోవాల్సింది ఇప్పుడే.

అందుకే అడుగుదాం. తేనె తీసేవాళ్లకు మంచి తాళ్లు, హెల్మెట్లు, ప్రమాద బీమా కావాలి. మన పిల్లలకు క్లైంబింగ్ శిక్షణ, గైడ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏ కొండ మీదికి ఎవరు రావాలి, ఏ దేవుడి గుట్ట ఎక్కకూడదు అనే మాటలో గ్రామసభ ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం తేనె మీద మనకు హక్కు ఇచ్చింది. సామూహిక అటవీ వనరుల్లోకి రాకపోకల్ని నియంత్రించే అధికారం ఐదో సెక్షన్ గ్రామసభకే ఇచ్చింది. కాగితం మీద ఉన్నదాన్ని కొండ మీదికి తెచ్చుకోవాలి, అంతే.

ఈసారి ఊరికి పోయినప్పుడు ఒక పని చేయండి. మీ పెద్దల దగ్గర కూర్చుని తాడు ముడి వేయడం నేర్చుకోండి. కొండల్లో పడిపోయినోళ్ల పేర్లు అడిగి రాసుకోండి. ఆ పేర్లతోనే గ్రామసభలో మాట మొదలుపెడదాం.

జై ఆదివాసీ!