దండనకు హద్దు

కౌమారం బాల్యానికీ యౌవనానికీ నడుమ సంధికాలం. నిన్నటి వరకు చెప్పినట్లు విన్న కుమారుడు తండ్రికి మాటకు మాట బదులు చెబుతాడు. కుమార్తె పిలిచినా పలుకక గది తలుపు వేసుకొంటుంది. ఇటువంటి వేళ తల్లిదండ్రులు ఎంతవరకు దండించవచ్చు? ఈ ప్రశ్న పెద్దలకే పరిమితమైనది కాదు. రేపటి తల్లిదండ్రులైన విద్యార్థులు కూడా ఆలోచింపదగినది.

ఐదేళ్ళు లాలించాలనీ, ఆపై పదేళ్ళు దండించాలనీ, పదహారో ఏట మిత్రునిగా చూడాలనీ ఒక ప్రసిద్ధ సంస్కృత సుభాషితం చెబుతున్నది. చాలామంది ఇందులోని దండనను మాత్రమే గుర్తుంచుకొని, దానికొక గడువున్నదన్న సంగతి మరచిపోతారు. ఇంటర్మీడియట్ చదువుకు వచ్చేసరికి ఆ గడువు తీరిపోతుంది.

అయితే మెత్తని మాటకు లొంగని వారి సంగతి ఏమిటి? తెనాలి రామకృష్ణుని ‘పాండురంగ మాహాత్మ్యం’లోని నిగమశర్మ అటువంటివాడే. సదాచారపరుల ఇంట పుట్టి, వ్యసనాలకు లోనై, ఆస్తిని హరించాడు. అక్క పుట్టింటికి వచ్చి, తమ్మునికి ఆదరంతో అన్నం పెట్టి, మృదువుగా మందలించింది. కొన్నాళ్ళు మారినట్లు కనిపించిన అతడు చివరకు ఇంటిలోని నగలు మూటగట్టుకొని పారిపోయాడు. అంతమాత్రాన అక్క పద్ధతి తప్పని అనలేము. వ్యసనం వేరూనిన తరువాత గాని ఆ మాట అతని చెవిని పడలేదు. మందలింపు సకాలంలో మొదలు కావాలన్నదే ఈ కథ మనకు నేర్పే పాఠం.

దక్షిణాఫ్రికాలో 1910లో స్థాపించిన టాల్‌స్టాయ్ క్షేత్రంలో గాంధీజీ పిల్లలందరికీ తండ్రి స్థానంలో ఉండేవారు. అబద్ధాలాడుతూ, అందరితో కలహిస్తూ, ఎంత చెప్పినా వినని పదిహేడేళ్ళ యువకుని చేతిపై ఆయన ఒకనాడు రూళ్ళకర్రతో కొట్టారు. కొడుతూ తానే వణికిపోయారు. యువకుడు ఏడ్చి క్షమాపణ కోరాడు. మరెన్నడూ ఆయన మాట జవదాటలేదు. దెబ్బ ఫలించినట్లే కనిపించినా, ఆ హింసకు తాను పశ్చాత్తాపపడుతూనే ఉన్నానని గాంధీజీ ఆత్మకథలో రాసుకొన్నారు. తనను కొట్టినవాని బాధను చూసి ఆ యువకుడు కరిగిపోయాడని ఆయన నమ్మకం. అంతటి ఆత్మపరిశీలన లేని కోపంతో చెయ్యెత్తే తండ్రికి ఈ సంఘటన ఆసరా కాజాలదు.

చట్టం కూడా ఒక హద్దు గీసింది. తన సంరక్షణలోని పిల్లలను హింసించి అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగించడం 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం నేరం. పద్దెనిమిదేళ్ళు నిండని వారందరికీ ఈ రక్షణ ఉన్నది. స్వీడన్ 1979లోనే తల్లిదండ్రులు పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది.

అలాగని చూసీచూడనట్లు ఊరుకోవడం ప్రేమ కాదు. సెల్‌ఫోన్, మోటారు సైకిల్ కొన్నాళ్ళు తీసివేయవచ్చు, చేతిఖర్చు తగ్గించవచ్చు, చేసిన నష్టాన్ని వారిచేతనే సరిదిద్దించవచ్చు. కాని కొట్టడం, అన్నం పెట్టకపోవడం, బంధువుల ఎదుట హేళన చేయడం, ఇంటినుంచి గెంటివేయడం తగవు. ఎదురు చెప్పిందని ఆడపిల్లను చదువు మాన్పించి పెళ్ళి తలపెట్టడం మరింత దారుణం. ఒక్కనాటి మాటకు అది జీవితకాలపు శిక్ష. సౌకర్యాన్ని తగ్గించే దండన తప్పును దిద్దుతుంది. గౌరవాన్ని హరించే దండన మనిషిని దూరం చేస్తుంది.

చోడవరం, అనకాపల్లి ప్రాంతాలలో బెల్లం వండేవారికి మంట విలువ తెలుసు. పాకం లేతగా దించితే గట్టిపడదు, ముదిరితే మాడిపోతుంది. పొయ్యి దగ్గర ఉన్నవారి చూపు పాకం మీద ఉండాలి గాని, తమ కోపం మీద ఉండరాదు.

యువతీ యువకులకూ ఒక బాధ్యత ఉన్నది. తల్లిదండ్రుల అభిప్రాయంతో విభేదించడం తప్పు కాదు. వారిని అవమానించడం తప్పు. ఎదుటివారి గౌరవానికి భంగం కలుగకుండా తన మాట చెప్పగలగడమే సంస్కారం. ఆ సంస్కారాన్ని పిల్లలు ముందుగా తల్లిదండ్రుల నడతలోనే చూసి నేర్చుకొంటారు.