నర్సుల విచక్షణాధికారము

వైద్యుని యాజ్ఞను శిరసావహించుటయే నర్సు ధర్మమనియు, అంతకు మించిన యాలోచన యామెకు తగదనియు మనలో ననేకులు తలంచుచున్నారు. ఈ తలంపు రోగుల ప్రాణములకే ముప్పని మా యభిప్రాయము.

ఒక్క దృష్టాంతమును పరిశీలింతము. గర్భిణికి రక్తపుపోటు హెచ్చి గుఱ్ఱపువాతపు మూర్ఛలు వచ్చినప్పుడు మెగ్నీషియం సల్ఫేటు నిచ్చెదరు. మొదటి మోతాదు పిమ్మట నాలుగు గంటల కొకమారు 5 గ్రాముల చొప్పున సూదిమందుగా నిచ్చు పద్ధతి కలదు. ఆ యుత్తరువు వ్రాయువాడు వైద్యుడు. కాని ప్రతి మోతాదునకు ముందు మూడు సంగతులు చూడవలెను. మోకాటిచిప్ప క్రింద తట్టినచో కాలు కదలుచున్నదా? నిమిషమునకు 16 మారులకు తక్కువ గాకుండ ఊపిరి యాడుచున్నదా? గడచిన నాలుగు గంటలలో గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకుండ మూత్రము వచ్చినదా? వీనిలో నేది లోపించినను మందు నాపి వైద్యునకు కబురంపవలెను. ఏలయన, దేహములో మితిమీరి పేరుకొన్న యీ మందే శ్వాసను స్తంభింపజేయును. అర్ధరాత్రమున నీ నిర్ణయము చేయునది యెవరు? మంచముకడ నున్న నర్సు. కాగితముపై నున్న యుత్తరువునే చూచి రోగిని చూడని విధేయత యట్టివేళ హత్యతో సమానము.

ఈ విచక్షణ పుట్టుకతో వచ్చునది గాదు. 1859లో ఫ్లోరెన్సు నైటింగేలు తన నర్సింగు గ్రంథమున రోగిని పరిశీలించుటకే యొక యధ్యాయమును కేటాయించెను. 2006లో అమెరికాలో క్రిస్టీన్ టానర్ ఈ విద్యను గమనించుట, అర్థము గ్రహించుట, తగినది చేయుట, చేసినదానిని పునరాలోచించుట యను నాలుగంగములుగ వివరించెను.

నర్సులకు స్వాతంత్ర్యమిచ్చినచో క్రమశిక్షణ చెడునని కొంద రాక్షేపింతురు. ప్రమాదము జరిగిననాడు సంజాయిషీ యామెనే యడుగుచున్నారు గదా! బాధ్యతను మోపి యధికారమును నిరాకరించుట యే న్యాయశాస్త్రమునకు సమ్మతము? విచక్షణ యనగా స్వేచ్ఛావిహారము గాదు. మందు నేల యాపెనో, ఎవరి కెప్పుడు తెలిపెనో ఆమె వ్రాసి యుంచవలెను.

అయితే ఆలోచించుటకు వ్యవధి యుండవలెను. 2002లో అమెరికాలో లిండా ఐకెన్ ప్రభృతులు ప్రకటించిన పరిశోధనలో, నర్సుకు ఒక్కొక్క రోగి యధికమైన కొలది, శస్త్రచికిత్స పొందినవారు 30 దినములలోపల మరణించు సంభావ్యత 7 శాతము హెచ్చుగ కనబడినది. వార్డునంతయు నొక్కతెకు వదలి, ఆమె వివేకము కొఱవడినదని నిందించుట యన్యాయము.

మన ప్రాంతమున శుభసూచనలు లేకపోలేదు. తెలంగాణములో 2017లో నర్సులకు మిడ్‌వైఫరీ ప్రత్యేకశిక్షణ ప్రారంభమైనది. 2018లో కేంద్రప్రభుత్వ మీ విధానమునకు మార్గదర్శకసూత్రములను వెలువరించెను. 2023లో నర్సింగు వృత్తికి నూతన చట్టము వచ్చినది. చట్టమొక్కటియే చాలదు. నర్సు ఏ మందును ఎప్పు డాపవచ్చునో ప్రతి యాసుపత్రియు లిఖితపూర్వకముగ ప్రకటింపవలెను. సందేహము తోచినప్పుడు పెద్దవైద్యుని నిద్రలేపినందు కామె నెవ్వరును గద్దింపరాదు. రోగుల సంఖ్యకు తగినట్లు నర్సులను నియమింపవలెను.

నర్సమ్మ మాటను వైద్యుడు చెవినిడు నాసుపత్రిలోనే మన తల్లులు, బిడ్డలు నిర్భయముగ నిద్రింపగలరు.