నిండిన చెరువు, తడవని మడి

అమెరికా అనగానే మన కండ్ల ముందు ఏం కదులుతుంది? అద్దాల మేడలు, ఆరు వరుసల రోడ్లు, డాలర్ల జీతాలు. ఊరికి ఒకరో ఇద్దరో అక్కడికి పోయినవాళ్లున్నారు. పండుగకు ఇంటికొచ్చినప్పుడు వాళ్లు చెప్పే ముచ్చట్లలో ఆ దేశపు పేదలు కనిపించరు. పేదరికం మన సొత్తనీ, సంపద పెరిగితే అది దానంతటదే పోతుందనీ మనకు చిన్నప్పటి నుంచి నూరిపోశారు. మరి అంత సంపద ఉన్న దేశంలో పేదరికం ఎందుకు పోలేదు?

ఈ ప్రశ్నను దశాబ్దాల పాటు పట్టుకొని వదలని ఆర్థికవేత్త టిమోతీ స్మీడింగ్. ఆయన అమెరికావాడే. సిరక్యూస్, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పారు. 1983లో లీ రెయిన్‌వాటర్, గాస్టన్ షేబర్‌లతో కలిసి ‘లక్సెంబర్గ్ ఇన్‌కమ్ స్టడీ’ని మొదలుపెట్టి, 2006 దాకా నడిపారు. అప్పటిదాకా ఏ దేశం లెక్క ఆ దేశానిదే. ఒకరి తూకం రాయి ఇంకొకరికి సరిపోదు. పోల్చుదామంటే ‘మా పద్ధతి వేరు’ అని ప్రతి ప్రభుత్వం తప్పించుకునేది. వీళ్లు దేశదేశాల కుటుంబ సర్వేలను తెచ్చి ఒకే కొలతలోకి మార్చారు. ఇవాళ ఆ ఖజానాలో యాభై దాకా దేశాల వివరాలున్నాయి. మన దేశపు సర్వేలు కూడా అందులో ఉన్నాయి.

ఆ కొలత ఏమిటో తెలుసుకోవాలె. ఎందుకంటే అసలు రాజకీయమంతా కొలతలోనే ఉంటుంది. దేశంలోని జనాన్ని ఆదాయం ప్రకారం వరుసగా నిలబెడితే సరిగ్గా నడిమధ్యన నిలబడే మనిషికి ఎంత వస్తుందో చూస్తారు. అందులో సగం కూడా రానివాళ్లు పేదలు. నలుగురున్న ఇంటికి నాలుగు పొయ్యిలు అక్కర్లేదు కాబట్టి కుటుంబం సైజును బట్టి ఆదాయాన్ని సరిచేస్తారు. ఇక్కడ సగటు అనే మాటే లేదు. సగటు ఎంత మోసకారిదో మనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. హైదరాబాద్ ఆదాయాన్నీ మారుమూల మండలంలో కూలికి పోయే అవ్వ ఆదాయాన్నీ కలిపి భాగించి ‘మీరు బాగానే ఉన్నారు’ అన్న లెక్కల మీదనే కదా ఉద్యమ రోజుల్లో మనం కొట్లాడింది! ఒక కోటీశ్వరుడు ఊళ్లో దిగితే ఊరి సగటు ఆకాశానికి లేస్తుంది. నడిమధ్యన నిలబడ్డ మనిషి మాత్రం ఉన్నచోటే ఉంటాడు.

2006లో స్మీడింగ్ పదకొండు ధనిక దేశాలను ఈ కొలతతో పక్కపక్కన పెట్టి చూపారు. లెక్కలు 2000 ప్రాంతానివి. అమెరికాలో నూటికి 17 మంది పేదలు. పదకొండింటిలో అదే ఎక్కువ. ఫిన్లాండ్‌లో 5.4, స్వీడన్‌లో 6.5, బెల్జియంలో 8. పిల్లల సంగతి ఇంకా ఘోరం. ఇదే కాలపు లెక్కలతో 2005లో యూనిసెఫ్ ఇచ్చిన నివేదికలో అమెరికా పిల్లల్లో నూటికి 22 మంది పేదలైతే, డెన్మార్క్‌లో ఇద్దరో ముగ్గురో.

అసలు విషయం దీని వెనుక ఉంది. ప్రభుత్వం పన్నులు తీసుకోకముందు, సాయం చెయ్యకముందు, ఒట్టి మార్కెట్ ఇచ్చిన ఆదాయాన్నే చూస్తే ఎట్లుంటుంది? అమెరికాలో నూటికి 23 మంది పేదలు. స్వీడన్‌లో దాదాపు 29, బెల్జియంలో దాదాపు 35! అంటే మార్కెట్ దగ్గర అమెరికా వాళ్లకంటే ఈ రెండు యూరప్ దేశాల వాళ్లే ఎక్కువ మంది పేదలు. అప్పుడు ప్రభుత్వం చెయ్యి పడుతుంది. పింఛన్లు, పిల్లల భత్యం, నిరుద్యోగ భృతి, ఇంటి కిరాయి సాయం అన్నీ కలిసి బెల్జియంలో, స్వీడన్‌లో పేదరికాన్ని నాలుగింట మూడు వంతులకు పైగా తుడిచేస్తున్నాయి. అమెరికాలో తుడుచుకుపోయేది నాలుగో వంతే.

మన భాషలో చెప్పాలంటే చెరువు అన్నిచోట్లా నిండింది. తేడా అంతా తూము దగ్గర ఉంది. నీరటి నిలబడి వంతుల ప్రకారం చివరి మడి దాకా నీళ్లు పారించిన ఊళ్లో అందరి పొలం తడిసింది. ‘నీళ్లు పల్లానికి వాటంతటవే పోతాయి’ అని నీరటిని ఇంటికి పంపిన ఊళ్లో చివరి మడి బీడువడ్డది.

వెంటనే ఒక మాట వినిపిస్తుంది. అది మనకూ అలవాటైన మాటే. ‘సాయం చేస్తే జనం సోమరులైతరు, అమెరికా పేదలు పని చెయ్యకనే పేదలు.’ స్మీడింగ్ లెక్కలు దీనికి అడ్డంగా నిలబడ్డాయి. తక్కువ ఆదాయపు అమెరికా తల్లిదండ్రులు యూరప్‌లోని తమలాంటి వాళ్లకంటే ఎక్కువ గంటలు పనిచేస్తున్నారు. అయినా పేదరికం దాటడం లేదు. కారణం కూలి తక్కువ, పైనుంచి ఆసరా తక్కువ. ఒళ్లు వంచనివాడు కాదు, ఒళ్లు వంచినా గట్టెక్కనివాడు అక్కడి పేదవాడు.

ఇంకొందరు ‘వాళ్లింట్లో ఫ్రిజ్ ఉంది, కారుంది, వాళ్లేం పేదలు?’ అంటారు. నలుగురిలో తలెత్తుకొని తిరగడానికి ఏం కావాలో ఆ దేశం, ఆ కాలం నిర్ణయిస్తాయి. మార్కెట్‌కు మూలపురుషుడని వీళ్లే మొక్కే ఆడమ్ స్మిత్ 1776లోనే ఆ మాట ఒప్పుకున్నాడు. బస్సు లేని ఊరిలో కారు విలాసం కాదు, కూలికి పోయే దారి.

ఇదంతా పాత కథ అనుకునేవాళ్లు 2021ని గుర్తు చేసుకోవాలె. కరోనా దెబ్బకు అమెరికా ప్రభుత్వం పిల్లల పన్ను రాయితీని పెంచి, జులై నుంచి డిసెంబర్ దాకా నెలనెలా ఇండ్లకు డబ్బు పంపింది. ఆరేండ్ల లోపు బిడ్డకు 300 డాలర్లు, పెద్ద పిల్లలకు 250. అక్కడి జనగణన సంస్థ ‘అనుబంధ’ కొలత ప్రకారం 2020లో 9.7 శాతమున్న పిల్లల పేదరికం 2021లో 5.2 శాతానికి దిగింది. పథకాన్ని పొడిగించడానికి సెనేట్‌లో ఓట్లు చాలలేదు. సాయం ఆగింది. 2022లో అది 12.4 శాతానికి ఎగబాకింది. ఒక్క ఏడాదిలో యాభై లక్షల మందికి పైగా పిల్లలు మళ్లీ గీత కిందికి పడ్డారు. కరువు రాలేదు, యుద్ధం రాలేదు. ఒక చట్టం గడువు తీరింది, అంతే.

ఖజానా ఖాళీ అనే సాకు కూడా నిలవదు. అమెరికా కాంగ్రెస్ అడిగితే అక్కడి జాతీయ అకాడమీల కమిటీ 2019లో నివేదిక ఇచ్చింది. స్మీడింగ్ అందులో సభ్యుడు. పిల్లల పేదరికం వల్ల దేశానికి ఏటా 80 వేల కోట్ల నుంచి లక్షా 10 వేల కోట్ల డాలర్ల నష్టమని పాత పరిశోధనలను చూపి చెప్పింది. ఆ పేదరికాన్ని సగానికి తగ్గించే రెండు పథకాలకు ఏటా 9 వేల నుంచి 11 వేల కోట్ల డాలర్లు చాలునంది. చెయ్యడానికయ్యే ఖర్చు కంటే చెయ్యకపోవడానికయ్యే ఖర్చే ఎన్నో రెట్లు ఎక్కువన్నమాట. చెయ్యదలిస్తే అమెరికాకూ చేతనవుతుంది. 1959లో అక్కడి ముసలివాళ్లలో నూటికి 35 మంది పేదలు. సోషల్ సెక్యూరిటీ పింఛన్లు పెంచాక అది పది చిల్లరకు దిగింది. ముసలివాళ్లు ఓటేస్తారు. పిల్లలకు ఓటు లేదు.

మనం ఈ పరిశోధన నుంచి తీసుకోవాల్సింది ఒకటే. పేదరికం తలరాత కాదు, దేశం ఎదగకపోవడం ఒక్కటే కారణమూ కాదు. మార్కెట్ పంచిన తర్వాత ప్రభుత్వం ఏం చేసిందన్న దాని మీద అది ఉంటుంది. అంటే అది నిర్ణయం. నిర్ణయం అయితే దాన్ని తీసుకున్నవాళ్లుంటారు, వాళ్లను నిలదీయవచ్చు. విద్యార్థులైనా, ఉద్యోగులైనా, ఏ పాలకుడు వచ్చి వృద్ధి రేటు చెప్పినా, తలసరి ఆదాయం చెప్పినా చప్పట్లు కొట్టే ముందు మనం అడగాల్సిన మాట ఉంది. చెరువు నిండింది సరే, చివరి మడికి నీళ్లు ఎప్పుడు అందినయ్? ఆ లెక్క చూపించమనాలె.