దస్తర్‌ఖాన్‌పై పెండలం

మా మదరసాలో పాతపట్నం వైపు నుండి వచ్చి చదువుకొనే ఒక పిల్లవాడున్నాడు. రమజాన్‌కు ముందు సెలవుల నుండి తిరిగి వస్తూ, దాదీ ఇచ్చిందని సంచిలో మట్టి అంటిన రెండు పెండలం దుంపలు తెచ్చాడు. తోటివారు “కరువు కూడు” అని నవ్వారట. అతడు సంచిని మంచం కిందికి నెట్టివేసి ఊరుకున్నాడు. ఆ సంగతి మూడు దినాల తరువాత గాని మా చెవిన పడలేదు.

వారిని మందలించబోయి మేమే ఆగిపోయాము. బియ్యం నిండుకున్న రోజుల్లో మా అమ్మీ పెండలం ఉడకబెట్టి ఉప్పుకారంతో పెట్టేది. బడిలో ఎవరైనా “ఏం తిన్నావు?” అని అడిగితే అన్నమనే చెప్పేవారము.

నౌపడ అనగానే అందరికీ ఉప్పు మడులు గుర్తుకు వస్తాయి. ఇక్కడి నుండి పర్లాకిమిడికి 1900లో పడిన రైలు మార్గం తరువాత గుణుపురం దాకా సాగింది. ఆ దారి వెంట కొండ వైపు ఊళ్లలో పెండలం పెరటి పంట. తొలకరికి నాటితే తీగ కర్రనో చెట్టునో పట్టుకొని పాకుతుంది. చలికాలంలో ఆకు పండి రాలినప్పుడు దుంప తవ్వుతారు. లోపల కొన్ని తెల్లగా, కొన్ని ఊదా రంగులో ఉంటాయి. ప్రపంచంలో పెండలం జాతి దుంపలను అన్నింటికన్నా ఎక్కువగా పండించే దేశం నైజీరియా. అక్కడి యొరుబా ప్రజలు దుంప ముక్కలను నూనెలో వేయించి ‘దుందున్’ అని పిలుచుకొంటారు. కోట్లాది మంది ముస్లిములున్న ఆ దేశంలో ఇది వీధి వీధినా దొరికే తిండి అని చెప్పేసరికి మా పిల్లల నవ్వు ఆగింది. ఆ సాయంత్రం ఇఫ్తార్‌కు పెండలమే వేయించాలని నిశ్చయించాము.

అయితే తొందరపడరాదు. ఒకప్పుడు మేము పచ్చి ముక్కలనే నేరుగా నూనెలో వేశాము. పైన ఎర్రబడింది, లోపల ఉడకలేదు. తిన్నవారందరికీ గొంతు దురద. దుంపలోని కాల్షియం ఆక్సలేట్ సూదుల వంటి స్ఫటికాలుగా ఉండి చర్మాన్ని, నాలుకను గుచ్చుతుంది. అందుకే చెక్కు తీసేముందు చేతులకు నూనె రాసుకోవాలి. చెక్కును మందంగానే తీయాలి, పొదుపు చూడరాదు.

అరకిలో దుంపను చిటికెన వేలంత మందం ముక్కలుగా కోసి, రాళ్ల ఉప్పు కలిపిన చింతపండు నీళ్లలో అరగంట ఉంచాలి. ఆ నీళ్లు పారబోసి, పసుపు వేసిన వేరే నీళ్లలో ఉడికించాలి. కత్తి మొన సులువుగా దిగాలి, ముక్క మాత్రం విరగరాదు. ఇక్కడే చాలామంది పొరపడతారు: ఎక్కువ ఉడికితే నూనెలో చిదిగిపోతుంది. వార్చి, బట్టపై పరచి తడి పూర్తిగా ఆరనివ్వాలి. రెండు చెంచాల బియ్యప్పిండి, ఒక చెంచా శనగపిండి, కారం, వాము, అల్లం వెల్లుల్లి ముద్ద, తగినంత ఉప్పు కలిపి ముక్కలకు పట్టించాలి. నీళ్లు చిలకరిస్తే చాలు, బజ్జీల పిండిలా జారుగా చేయవద్దు. నూనె బాగా కాగిన తరువాత మంటను మధ్యస్థంగా ఉంచి, కొద్దికొద్దిగా వేసి వేయించాలి. నూనె చల్లగా ఉంటే ముక్క దానిని పీల్చుకొంటుంది. చివర నిమ్మరసం పిండితే రుచికి రుచి, మిగిలిన కాస్త దురద కూడా తగ్గుతుంది.

సోదరీమణులకు ఒక హెచ్చరిక. అడవి దుంపలలో విషం ఉన్నవి కొన్ని ఉన్నాయి. వాటిని ఎరిగిన గిరిజనులు ముక్కలు కోసి, ఉడికించి, పారే నీటిలో చాలాసేపు ఉంచి గాని తినరు. కనుక తెలియని దుంపను చవకగా వచ్చిందని కొనకండి. అమ్మే ఆమెను అడగండి. స్టేషను బయట మేము అడిగితే ఒక ముసలమ్మ, “పెరట్లోదే సాయిబు గారూ, మా మనవలూ ఇదే తింటారు” అన్నది. ఆ మాట మాకు చాలింది, బేరం చేయలేదు.

ఆ సాయంత్రం ఖర్జూరం తరువాత పళ్లెం తిరిగింది. మొదట నవ్విన కుర్రవాడే మూడవసారి చేయి చాచాడు. దుంపలు తెచ్చినవాడు మాత్రం తన వంతు తినకుండా, దాదీ ఇందులో వాము వేయదని పక్కవాడికి వివరిస్తూ కూర్చున్నాడు. కళ్లు ఉన్న తల ముక్కను వంటవాడు పారవేయబోతే అతడే ఆపాడు. తొలకరి వచ్చేదాకా దానిని బూడిదలో దాచి, మదరసా వెనుక మునగచెట్టు మొదట్లో నాటాము. తీగ ఇప్పుడు మొదటి కొమ్మను అందుకున్నది.